తాబేళ్ల దగ్గర గంట, బెంచీ మీద రెండు నిమిషాలు

ఫైల్లో ఉన్నది నా చేతిరాతే. 2023 మార్చి నాటిది. "తల్లి ఇంటి దగ్గర థెరపీ ప్రోగ్రాం సరిగా చేయించడం లేదు" అని రాసి, కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. ఈ కేసు రాద్దామని ఫైలు తీస్తే మొదట కంటపడింది ఆ గీతే. ఆ రోజుకి ఆవిడకు నెలలు నిండి ఉన్నాయి. భర్త గుజరాత్‌లో, వీరావల్ దగ్గర బోటు మీద ఉన్నాడు. ఆ రెండు సంగతులూ అదే ఫైల్లో, నాలుగు పేజీల ముందు, నా చేతిరాతలోనే ఉన్నాయి.

నేను శ్రీకాకుళంలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే సైకాలజిస్టును. రెండు గదులు, వారానికి మూడు రోజులు వచ్చే స్పీచ్ థెరపిస్టు, తలుపు దగ్గర చెప్పులు సర్దే ఆయమ్మ. అంతే మా సెంటర్. ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, చురుకు మితిమీరడం) కూడా ఉన్న ఈ బాబు సంగతి తల్లి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పేరు అసలు పెట్టడం లేదు. ఇంట్లో ఎలాగూ వాణ్ని పేరు పెట్టి పిలవరు, నాన్నమ్మకి వాడు "గుంటడు", మిగతా వాళ్లకి "సిన్నోడు".

వాళ్లది గార మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా దగ్గరికి రావాలంటే రెండు ఆటోలు మారాలి. తండ్రి ఆ ఊరి మగాళ్లలో చాలామందిలాగే ఆగస్టులో వీరావల్ వెళ్తే మళ్లీ గుజరాత్ వైపు వేట నిషేధం పడే జూన్‌లోనే ఇంటికొస్తాడు. ఇల్లు నడిపేది తల్లి, నాన్నమ్మ.

2021 జూలైలో మొదటిసారి తీసుకొచ్చినప్పుడు బాబుకి నాలుగేళ్లు. మాటలు పదో పన్నెండో ఉన్నాయి. ఏదైనా కావాలంటే అడగడు, వేలు పెట్టి చూపించడు, తల్లి చెయ్యి పట్టుకుని ఆ వస్తువు దాకా లాక్కెళ్లి ఆ చేతినే దాని మీద పెడతాడు. సోడా మూతలు పోగుచేసి గోడవారన వరుసగా పేరుస్తాడు. మధ్యలో ఒక మూత తీస్తే ఊరంతా వినపడేలా ఏడుపు. కుక్కర్ విజిల్ వేస్తే రెండు చెవులూ మూసుకుని బయటికి పరుగు. పిలిస్తే పలకడు. "సెవుల్లో ఏటైనా ఉందేమో సూడండి మేడం" అని తల్లే అడిగింది. అడిగి మంచిపని చేసింది. పిలిస్తే పలకని పిల్లాడికి ముందు చేయించాల్సింది వినికిడి పరీక్షే. చేయించాం, చెవులు బాగున్నాయి.

తర్వాత మన దేశంలో ఆటిజం అంచనాకి వాడే స్కేలుతో చూశాను. 2009లో సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ నిపుణులు తయారుచేసిన 40 అంశాల స్కేలు అది. స్కోరు 70 లోపు ఉంటే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు తేలికపాటి అని, 107 నుంచి 153 వరకు ఓ మోస్తరు అని, ఆపైన తీవ్రం అని లెక్క. బాబుకి 96 వచ్చింది. తేలికపాటి ఆటిజం అని రాసుకున్నాను. ఆ స్కోరులో ఇప్పటికీ తప్పేం కనపడదు. నా పొరపాటు దాని పక్క పేజీలో ఉంది. "ఒక్క చోట నిలవడు, ఎక్కుతాడు, దూకుతాడు, తిరుగుతూనే ఉంటాడు" అన్న తల్లి మాటలు రాసుకుని, పక్కన "ఆటిజంలో భాగమే" అని ముగించేశాను.

అలా ముగించడం నాకు అలవాటు. నేను చదువుకున్న రోజుల్లో అలాగే నేర్పారు. 1994 నాటి అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం ప్రకారం ఆటిజం ఉన్న పిల్లాడికి ఏడీహెచ్‌డీ అని రాయడానికి వీల్లేదు. అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణదీ ఇంచుమించు అదే దారి. ఒకటి ఉంటే రెండోది దానిలోదే అనుకోవాలి. 2013లో అమెరికా పుస్తకం ఐదో కూర్పు వచ్చాకే రెండూ కలిపి రాసే వెసులుబాటు దొరికింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ కూడా ఒప్పుకుంటోంది. పుస్తకం మారింది, నా చెయ్యి మారలేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉన్నవాళ్లు ఎంతమంది అంటే ఒక్కో అధ్యయనం ఒక్కో లెక్క చెబుతుంది, కానీ నాలుగో వంతు నుంచి సగం పైదాకా ఉంటుంది. అంటే నా దగ్గరికి వచ్చే ప్రతి నలుగురిలో కనీసం ఒకరి విషయంలో నేను ఆ ప్రశ్న వేసుకోవాలి. వేసుకోలేదు.

ఏడాదిన్నర థెరపీలో మాట బాగా వచ్చింది. "అమ్మా నీళ్లు ఇయ్యి" దాకా వచ్చాడు. అడగాలంటే వేలు చూపించడం నేర్చాడు. రానిదల్లా కుదురు. బొమ్మల కార్డుల పద్ధతి మొదలుపెట్టాం. రోజులో చేయాల్సిన పనులు ఐదు కార్డులుగా గోడకి వేలాడతాయి, ఒక్కోటి అయిపోగానే తీసి డబ్బాలో వేయాలి. తర్వాత ఏం రాబోతోందో ముందే తెలిస్తే ఆటిజం ఉన్న పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది. చాలామందికి బాగా పనిచేసే పద్ధతి ఇది.

మా వాడు కార్డులు చూస్తాడు. ఐదింటినీ వరుసగా చదివి వినిపిస్తాడు, "పూస... రాత... బంతి... పాట... ఇంటికి". కుర్చీలో కూర్చుంటాడు. రెండు పూసలు ఎక్కిస్తాడు. మూడో పూస చేతిలో ఉండగానే కిటికీ దగ్గరుంటాడు. అక్కణ్నుంచి ఫ్యాన్ స్విచ్చి, అక్కణ్నుంచి ఆయమ్మ చీపురు. నేను సరేలే అని పూసల కార్డు తీసి డబ్బాలో వేయబోతే పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడుపు. పని అవకుండా కార్డు తీయకూడదు కదా! మళ్లీ కూర్చోబెడితే మళ్లీ రెండు పూసలు. వరుస తప్పితే ఏడ్చేదీ వాడే, వరుస తప్పించేదీ వాడే. ఆ దృశ్యం వారం వారం నా కళ్ల ముందు జరిగింది. దాన్ని నేను చదివిన తీరు, ఇంటి దగ్గర తల్లి అలవాటు చేయించడం లేదని. అక్కడ పడింది ఆ ఎర్ర గీత.

మధ్యలో బడి గొడవ. 2022లో టౌన్‌లో ఒక ఇంగ్లిష్ మీడియం స్కూల్లో వేశారు. మూడు నెలలకి "మీ బాబు వల్ల మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతున్నారు" అని పంపించేశారు. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వలేదు. 2023 జూన్‌లో సొంత ఊళ్లోనే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతిలో చేర్చారు. అక్కడి మాస్టారు నాకు ఫోన్ చేసి ఒక మాట అన్నారు. "మేడం, వీడికి చెప్పింది రాదని కాదు. నేను బోర్డు వైపు తిరిగి రాసి మళ్లీ ఇటు తిరిగే లోపు వీడు వరండాలో ఉంటున్నాడు. ఒక్కోసారి భయపడి పోతున్నాడు, ఒక్కోసారి ఊరికే పోతున్నాడు. ఆ రెండూ ఒకటేనంటారా?"

పదిహేనేళ్ల అనుభవం ఉన్న నేను వేసుకోవాల్సిన ప్రశ్న అది.

నవంబరులో ఒక రోజు ఆ బడికి వెళ్లాను. వెనక గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని పుస్తకంలో మూడు గళ్లు గీసుకున్నాను. లేవడానికి ముందు ఏం జరిగింది, లేచి ఏం చేశాడు, ఆ తర్వాత ఏం జరిగింది. 10 గంటల 10 నిమిషాల నుంచి 45 నిమిషాలు చూశాను. 17 సార్లు లేచాడు.

ఆ 17నీ సాయంత్రం గదిలో కూర్చుని విడదీశాను. ఐదుసార్లు ముందు ఒక చప్పుడు ఉంది. వంటగదిలో స్టీలు పళ్లేలు కింద పడటం, పక్క తరగతి పిల్లలు ఒక్కసారిగా ఎక్కం అందుకోవడం, గేటు దగ్గర ఆటో హారన్. ఆ ఐదుసార్లూ చేతులు చెవుల మీదికి వెళ్లాయి, మొహం బిగుసుకుంది, నేరుగా వరండా చివర స్తంభం వెనక్కి వెళ్లాడు. ఎవరూ పిలవకపోయినా మూడు నాలుగు నిమిషాలకి తనే తిరిగొచ్చాడు. ఒకసారి ఒంటేలుకి. మిగతా 11 సార్లు ముందు ఏమీ లేదు. ఏ చప్పుడూ లేదు, ఎవరూ ముట్టుకోలేదు. మొహంలో భయం లేదు. మాస్టారి సుద్దముక్క, పక్కవాడి పలక, కిటికీలో కాకి, తన సొంత చెప్పు, ఏది కంట పడితే దాని వైపు. ఒకదాని దగ్గరికి వెళ్లే దారిలోనే ఇంకోటి కనిపించి అటు తిరగడం. పిలిస్తే వెంటనే నవ్వుతూ వచ్చేశాడు, వచ్చి రెండు నిమిషాలు కాకుండానే మళ్లీ లేచాడు.

మొదటి పరుగు దేన్నుంచో తప్పించుకోవడానికి. అది ఆటిజం తాలూకు శబ్దం బాధ. రెండో పరుగు ఏదో లాగితే ఆగలేక. అది ఏడీహెచ్‌డీ. బయటి నుంచి చూసేవాడికి రెండూ "బెంచీ మీద కూర్చోడు" అన్న ఒకే ఫిర్యాదు. నేను రెండేళ్లుగా ఆ పదకొండింటికి కూడా ఐదింటి వైద్యమే చేస్తున్నాను.

మిగతా లక్షణాలనీ ఇలాగే విడదీసి చూడాలి. పిలిస్తే పలకకపోవడం తీసుకోండి. తన పేరు తనని ఉద్దేశించిందని పట్టించుకోకపోవడం ఒకటి, విన్నా మనసు ఇంకెక్కడో ఉండి అందకపోవడం ఇంకొకటి. మాట మధ్యలో దూరడం కూడా అంతే. ఎదుటివాడి వంతు అనేది ఒకటుంటుందని తెలియక దూరేవాడు వేరు, తెలిసీ నోరు ఆపుకోలేక దూరేవాడు వేరు. రెండో వాణ్ని ఆపి "ఇప్పుడు ఎవరి వంతు?" అంటే నాలిక కరుచుకుంటాడు. మా వాడు ఒకరోజు మొదటివాడు, ఒకరోజు రెండోవాడు. అందుకే పిల్లాణ్ని పట్టుకుని "ఇది ఆటిజమా, ఏడీహెచ్‌డీయా" అని అడిగితే జవాబు రాదు. ఒక్కో చేష్టని పట్టుకుని, దానికి ముందేం జరిగిందో చూసి, విడివిడిగా అడగాలి.

పొరపాటు రెండో వైపు నుంచీ జరుగుతుంది. ముందు ఏడీహెచ్‌డీ అని పేరు పడితే పిల్లాడి ప్రతి వింత చేష్టా "అల్లరి" ఖాతాలోకి పోతుంది. 2015లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో అలాంటి పిల్లలకి ఆటిజం సంగతి సగటున మూడేళ్లు ఆలస్యంగా బయటపడిందని తేలింది. మూడు నుంచి ఆరేళ్ల మధ్య పోయిన మూడేళ్లంటే ఎంతో థెరపీ చేసేవాళ్లకి చెప్పనక్కర్లేదు.

అయితే నా ఒక్క పూట పరిశీలనతో ఏడీహెచ్‌డీ అనేయకూడదు. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లయినా కనపడాలి, ఆ వయసు పిల్లలకి ఉండే మామూలు అల్లరి కన్నా మించి ఉండాలి. ఆరేళ్లు దాటాడు కాబట్టి వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి వాడాను. తల్లికొకటి, మాస్టారికొకటి, ప్రశ్నలు తెలుగులో చదివి వినిపించి. శ్రద్ధకి సంబంధించిన 9 లక్షణాల్లో మాస్టారు 7 "తరచుగా" అన్నారు, చురుకు మితిమీరడానికి సంబంధించిన 9లో 8. తొమ్మిదిలో ఆరుగానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే ఆలోచించాలి. తల్లి చురుకులో 8 అంది కానీ శ్రద్ధలో మూడే.

ఎందుకు మూడే అని అడిగితే ఆవిడకి కాస్త కోపం వచ్చింది. "శ్రీకూర్మం గుడి కాడ తాబేళ్లని సూత్తా గంటసేపు కదలకుండా కూకుంటాడు మేడం. దేవుడి దర్శనానికి కూడా రాడు. ఆడికి శ్రద్ధ నేదంటే నానెలా ఒప్పుకుంటాను?"

శ్రీకూర్మం వాళ్ల మండలమే. కూర్మనాథుడి గుడిలో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. పిల్లాడు కటకటాల దగ్గర బోర్లా పడుకుని వాటి వీపు మీది గీతలు లెక్కపెడతాడట. నేను ఆవిడ మాటని కొట్టిపారేయలేదు, అది సగం నిజం. ఏడీహెచ్‌డీ పిల్లలకి శ్రద్ధ ఉండదు అనుకోవడం మనం ఆ పేరుని తప్పుగా అర్థం చేసుకోవడమే. వాళ్ల దగ్గర శ్రద్ధ ఉంటుంది, దాన్ని కావలసినప్పుడు కావలసిన చోటికి తిప్పే పట్టు ఉండదు. నచ్చినదాని మీద అతుక్కుపోతుంది, నచ్చనిదాని మీద నిలవదు. దానికి తోడు ఆటిజంలో ఒకే విషయం మీద విపరీతమైన మక్కువ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే తాబేళ్ల దగ్గర గంట, బెంచీ మీద రెండు నిమిషాలు. ఇంట్లో ఆవిడ వాణ్ని నచ్చని పని మీద కూర్చోబెట్టే సందర్భమే తక్కువ, కాబట్టి ఆ లక్షణాలు అక్కడ కనపడలేదు.

నాన్నమ్మ మూల కూర్చుని వింటూ, "ఆడి అయ్య మాత్రం సిన్నప్పుడు కుదురుగా కూకునీవోడేటి? బడికి పంపితే సెట్టెక్కి పోయీవోడు. బోటెక్కాక గదా మనిషయ్యాడు" అంది. నేను నవ్వేశాను కానీ రాసుకున్నాను. ఏడీహెచ్‌డీ, ఆటిజం రెండూ కుటుంబాల్లో బాగా నడిచేవే, కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ అదే చెబుతాయి. ఫోన్ చూడటం వల్లే వచ్చిందని వీధిలో అందరూ తల్లిని అంటుంటారు. ఆ రోజు నాన్నమ్మ మాట ఆవిడకి నా వివరణ కన్నా ఎక్కువ ఊరటనిచ్చి ఉంటుంది.

మందు దాకా వెళ్లే ముందు ఇంకో రెండు చూడాలి. నిద్ర సరిపోని పిల్లాడు, రక్తం తక్కువైన పిల్లాడు కూడా కుదురుగా ఉండరు. వీడు రాత్రి 11 దాటాక గానీ పడుకోడు, నిద్రలో కాళ్లు కొడుతూనే ఉంటాడు. పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే ఒంట్లో ఇనుము నిల్వ బాగా తక్కువగా ఉంది. తినేది నాలుగు రకాలు. తెల్లన్నం, పెరుగు, ఒకే కంపెనీ బిస్కెట్, వేయించిన ఎండుచేప. ఇనుము సిరప్ వాడారు. కాళ్లు కొట్టడం తగ్గింది, పగటి పరుగు తగ్గలేదు.

ఈలోగా బడిలో కొన్ని మార్చాం. ముందు ఆ ఐదు పరుగుల సంగతి. వంటగది గోడ పక్క నుంచి వాణ్ని అవతలి వైపు కూర్చోబెట్టాం. స్తంభం వెనక్కి వెళ్తే వెనకాల ఎవరూ వెళ్లకూడదు, తనే వస్తాడు. బడి గంట వాడికి పెద్ద భయం. మాస్టారు ఒక ఆలోచన చేశారు, గంట వాడిచేతే కొట్టిద్దామని. మొదటి రోజు ఒక చేత్తో చెవి మూసుకుని ఇంకో చేత్తో కొట్టాడు. రెండు వారాలకి రెండు చేతులతో కొడుతున్నాడు. చప్పుడు మీద అధికారం మనదైతే చప్పుడు అంత భయపెట్టదు. పెద్దవాళ్లమైనా అంతే కదా.

పదకొండు పరుగులకి వేరే ఉపాయం. వాడు ఎలాగూ లేస్తాడు, కాబట్టి లేవడమే పని చేశాం. నోటుపుస్తకాలు పంచడం, సుద్దముక్క తేవడం, ఏడు నిమిషాల పని తర్వాత వరండా చివరిదాకా వెళ్లి రావడం. ఐదు కార్డులు తీసేసి రెండే పెట్టాం, "ఇప్పుడు", "తర్వాత". ఐదు అంగల దారిని మనసులో పట్టి ఉంచుకునే శక్తి వాడికి అప్పటికి లేదు. ఇంకోటి నా సొంత ప్రయత్నం, పుస్తకాల్లో చూసి చేసింది కాదు. రోజూ ఒకే చోట, మూడో పనిగా, "కొత్తది" అని ఒక కార్డు. దానికోసం ఒక డబ్బాలో మూడు చీటీలు ఉంటాయి, వాడే ఒకటి తీస్తాడు. కార్డు స్థానం మారదు కాబట్టి వాడిలో వరుస కోరే పిల్లాడు ఊరుకుంటాడు, లోపల ఏముందో తెలియదు కాబట్టి కొత్తదనం కోరే పిల్లాడు కుర్చీలో ఉంటాడు. బహుమతి కూడా "వారం బాగుంటే ఆదివారం" అంటే ఈ పిల్లలకి అందదు, అప్పటికప్పుడే ఇవ్వాలి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక రబ్బరు స్టాంపుల షాపులో తాబేలు బొమ్మ ముద్ర చేయించాం. ఏడు నిమిషాలకి చేతి మీద ఒక తాబేలు. మొదటి వారం ఇంటికెళ్లేసరికి మోచేతి దాకా తాబేళ్లే.

ఇవన్నీ చేశాక లేవడం 17 నుంచి 9కి వచ్చింది. చదువు మాత్రం ముందుకు కదల్లేదు. అప్పుడు మందు మాట ఎత్తాను, ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్.

"మత్తు బిళ్లలేటమ్మా? గుంటడు తూగిపోతాడు" అని నాన్నమ్మ. తండ్రి వీరావల్ నుంచి వీడియో కాల్‌లో, వెనక బోటు ఇంజిన్ చప్పుడు మధ్య, ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగాడు. "అలవాటైపోద్దా మేడం?" నాకు తెలిసింది నేను చెప్పాను. ఇది తూగించే మందు కాదు. డాక్టరు చెప్పిన మోతాదులో, ఆయన గమనిస్తుండగా వాడితే భయపడాల్సింది కాదు, కానీ దుర్వినియోగం కాకూడదనే దీని అమ్మకం మీద గట్టి కట్టడి ఉంది, చీటీ లేకుండా దొరకదు. ఆటిజం కూడా ఉన్న పిల్లల్లో ఇది కొంచెం తక్కువగా పనిచేస్తుంది, కొంచెం ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. 2005లో వెలువడిన అమెరికా పరీక్షలో అలాంటి 72 మంది పిల్లలకి మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి చూశారు. 49 శాతం మందికి పనిచేసింది, 18 శాతం మంది దుష్ప్రభావాల వల్ల మానేశారు. ఆటిజం లేని ఏడీహెచ్‌డీ పిల్లల్లో పనిచేసేది 70 శాతం పైమాటే. కాబట్టి ఇది చూద్దాం అన్న మాటే గానీ గ్యారంటీ కాదని చెప్పాను.

మందు రాసేది నేను కాదు. విశాఖలో పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను, వంద కిలోమీటర్ల పైన ప్రయాణం. ఆయన గుండె, బీపీ, నాడి, బరువు చూసి, ఇంట్లో గుండెజబ్బులున్నాయేమో అడిగి, 2024 జనవరిలో పొద్దున్న 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. ఈ మందు ఆకలి తగ్గిస్తుంది. నాలుగు రకాలు మాత్రమే తినే పిల్లాడికి అది చిన్న విషయం కాదు. అందుకని బిళ్లకి ముందే కడుపునిండా పెరుగన్నం, ఎండుచేప. రాత్రి ఆకలి తిరిగొచ్చాక మరోసారి. బరువు మా సెంటర్లో పదిహేను రోజులకోసారి. మూడు నెలల్లో 19.4 కిలోల నుంచి 18.7కి వచ్చింది, తర్వాత నిలబడింది.

ఆరు వారాలకి మోతాదు 10కి పెంచితే సాయంత్రాలు గోళ్లు కొరుక్కుంటూ, చిన్నదానికే ఏడుస్తూ, మూతలు కూడా పేర్చకుండా కూర్చుండిపోయాడు. మాస్టారు "బాగా కుదురుకున్నాడు" అన్నారు. తల్లి "ఇది మా గుంటడు కాదు మేడం" అంది. తల్లి మాటే తీసుకున్నాం, డాక్టరు మళ్లీ 5కి దించారు. బుద్ధిగా కూర్చోవడం, వాడిపోయి కూర్చోవడం దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి.

5 మీద వాడు 20 నిమిషాలు కూర్చుంటున్నాడు. అ నుంచి అః దాకా మూడు వారాల్లో వచ్చేశాయి. అక్కడితో కథ సుఖాంతం అనుకుంటుండగా మార్చిలో మాస్టారి ఫోన్. ఆ రోజు పాఠం సాగి భోజనాల గంట రెండు నిమిషాలు ఆలస్యమైంది. గోడ గడియారం 12 చూపించగానే వాడు గంట దగ్గరికెళ్లాడు, మాస్టారు ఆగమన్నారు. నలభై నిమిషాలు నేల మీద పడి దొర్లాడు. అంతకుముందు ఇలాంటిది ఎప్పుడూ లేదు. "మందు ఏసినకాడ్నించి మరీ మొండైపోనాడు" అని తల్లి కంగారు.

మందు ఆటిజాన్ని పెంచలేదు. అంతకుముందు వాడికి గడియారం వైపు పది సెకన్లు చూసే తీరికే లేదు. ఇప్పుడు ఉంది, కాబట్టి 12 అయిందని తెలుస్తోంది, గంట మోగలేదనీ తెలుస్తోంది. పరుగు దుమ్ము కాస్త అణిగాక కిందున్న ఆటిజం స్పష్టంగా కనపడింది. ఏడీహెచ్‌డీకి మందు మొదలుపెట్టిన ఇలాంటి పిల్లలు ఇంకో ఇద్దరు ముగ్గురిలో తర్వాత నేను ఇదే చూశాను. ఇప్పుడు తల్లిదండ్రులకి ముందే చెబుతున్నాను. ఆ పని అప్పుడు ఈవిడకి చేయలేదు. పరిష్కారంగా గడియారం పక్కన ఒక పసుపు కార్డు పెట్టాం. అది తగిలించి ఉంటే "గంట ఆలస్యం" అని అర్థం. మొదట కావాలనే ఒక్క నిమిషం ఆలస్యం, తర్వాత రెండు, తర్వాత ఐదు. ఇప్పుడు ఎనిమిది నిమిషాల దాకా ఓర్చుకుంటున్నాడు, గొణుక్కుంటూ.

తెలివితేటల పరీక్ష గురించి ఒక మాట. 2023లో బినే-కామత్ పరీక్ష ఒకే బిగిన 40 నిమిషాలు చేయిస్తే 68 వచ్చింది. ఆ అంకెని నమ్మి ఉంటే బుద్ధిమాంద్యం అన్న మూడో పేరు కూడా తగిలేది. ఏడాది తర్వాత, మందు మీద, మధ్యలో మూడుసార్లు వరండా తిప్పి చేస్తే 83. మొదటిసారి నేను కొలిచింది వాడి తెలివిని కాదు, కుర్చీలో ఓపికని.

వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరం తంతు తొందరగా చెప్పేస్తాను. మూడు గంటలు జనం మధ్య నిలబెట్టారు, పిల్లాడు చెవులు మూసుకుని తల్లి కొంగులో దూరాడు. డాక్టరు గదిలో రెండు నిమిషాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. అందుకని సర్టిఫికెట్‌లో ఆటిజం ఒక్కటే పడింది. 40 శాతం దాటింది కాబట్టి నెలకి 6,000 పింఛను వస్తోంది. అందులో కొంత విశాఖ బస్సుకీ బిళ్లలకీ పోతోంది. ఆ బిళ్లలు ఏ జబ్బుకో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

2025 జనవరికి వాడికి ఏడున్నర, రెండో తరగతి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం నుంచి టీచరు వారానికోసారి వస్తున్నారు. చదవడం వస్తోంది, రాత చాలా వెనకబడి ఉంది. ఎనిమిది దాటాక అక్షరాల సమస్య విడిగా ఉందేమో చూడాలి. తోటి పిల్లలతో ఆట ఇంకా లేదు. వాడు తాబేళ్ల గురించి చెప్పడం మొదలుపెడితే ఆపడు, వాళ్లు వెళ్లిపోయాక కూడా చెబుతూనే ఉంటాడు. ఒక్క కుర్రాడు మాత్రం ఉంటున్నాడు, వాడికీ తాబేళ్లు ఇష్టమో లేక చేతి మీది ముద్ర ఇష్టమో తెలీదు.

నేను ఎర్ర గీత గీసిన నెలాఖరున పుట్టిన చెల్లికి 2025 జనవరికి 22 నెలలు. ఆ నెలలో అన్నని తీసుకొచ్చినప్పుడు తల్లి దాన్నీ తెచ్చింది. ఒడిలో బుద్ధిగా కూర్చుంది, అసలు కదలదు. "ఇది అల్లరి సేయదు మేడం, అదే నాకు బయ్యంగా ఉంది" అంది. అన్నకి ఆటిజం ఉంటే తర్వాత పుట్టినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది, కాబట్టి ఆ భయం తీసిపారేసేది కాదు. 16 నుంచి 30 నెలల పిల్లలకి వాడే 20 ప్రశ్నల జాబితా తీసి ఒక్కోటీ అడిగాను. వేలు పెట్టి చూపిస్తుందా, చూపిస్తుంది. పిలిస్తే తిరుగుతుందా, ఒక్కోసారి. ఆ "ఒక్కోసారి" దగ్గర నేను కలం ఆపితే, ఆవిడ సంచిలోంచి నోటుబుక్కు తీసింది. మూడు గళ్లు గీసి ఉన్నాయి. ముందేం జరిగింది, ఏం చేసింది, తర్వాతేం జరిగింది. పది రోజుల నుంచి రాస్తోందట. పిలిస్తే తిరగనివి ఆరు, ఆరుసార్లూ పక్కన టీవీ నడుస్తోంది.

స్కోరు తక్కువే వచ్చింది, అంటే అనుమానం తక్కువే. 24 నెలలు నిండాక మళ్లీ చూద్దామని రాసి ఇచ్చాను.